పింగాణీ పన్ను మన్నిక: కొలిమిలో ఏం జరుగుతుంది, పైపొర మీద ఏం మిగులుతుంది

కుండ కొనేటప్పుడు మన పెద్దవాళ్లు దాన్ని చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో తట్టి చూసేవారు. ఖంగున మోగితే కొనేవారు, బొంగురుగా పలికితే ఎక్కడో నెర్రె ఉందని పక్కన పెట్టేవారు. పంటికి వేసే పింగాణీ క్యాప్‌కు ఆ పరీక్ష లేదు. దాన్ని చివరికి విరగ్గొట్టే లోపం పొడవు చాలాసార్లు వెంట్రుక మందంలో నాలుగో వంతు కూడా ఉండదు. అది చప్పుడుకు దొరకదు, కంటికి ఆనదు.

అందుకే "డాక్టర్ గారూ, ఇది ఎన్నేళ్లు వస్తుంది?" అని అడిగిన మనిషి చేతిలో ఒక వారంటీ కార్డు పెట్టి పంపడం మామూలైపోయింది. కార్డు మీద పదార్థం పేరు ఉంటుంది, ఏళ్ల లెక్క ఉంటుంది. ఆ క్యాప్ ఎంత వేడిలో ఎంతసేపు కాలిందో, ఎంత నిదానంగా చల్లారిందో, దాని లోపలి వైపు ఎంత ఒత్తిడితో ఇసుక కొట్టారో, నోట్లో సరిచేశాక మళ్లీ నునుపు చేశారో లేదో ఉండదు. దశాబ్దాల పరిశోధనను ఒకచోట పెట్టి చూస్తే, మన్నికను తేల్చేవి చాలావరకు కార్డు మీదికెక్కని ఈ వివరాలే. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించడమే ఈ వ్యాసం పని.

పగులు ఎక్కడ మొదలవుతుంది

అణువుల మధ్య బంధాలను బట్టి లెక్కగడితే గాజుకు ఉండాల్సిన బలం చాలా ఎక్కువ. చేతికి వచ్చే గాజు అందులో కొద్ది వంతు మాత్రమే చూపిస్తుంది. దీనికి కారణాన్ని 1921లో ఇంగ్లండ్‌కు చెందిన గ్రిఫిత్ వివరించాడు. గాజు పైపొర మీద ముందే ఉన్న అతి సన్నని పగుళ్ల కొస దగ్గర ఒత్తిడి పోగుపడుతుంది, అక్కడి నుంచే విరుగుడు మొదలవుతుంది. లోహంలో పగులు కొస దగ్గర పదార్థం కాస్త సాగి ఆ కొసను మొద్దుబారుస్తుంది. పింగాణీకి సాగే గుణం లేదు. అందుకే పింగాణీ బలం దానిలోని అతి పెద్ద లోపం మీద ఆధారపడి ఉంటుంది.

పంటి పింగాణీలను మూడు కుటుంబాలుగా చూడవచ్చు. మొదటిది ఫెల్డ్‌స్పార్ పింగాణీ. ఎక్కువ భాగం గాజే, వంగుడు బలం సుమారు 100 మెగాపాస్కల్స్. రెండోది గాజులో స్ఫటికాలు పెంచిన గ్లాస్ సిరామిక్. ఇప్పుడు ఎక్కువగా వాడే లిథియం డైసిలికేట్ ఈ కోవదే, బలం 350 నుంచి 400. మూడోది గాజు అసలే లేని జిర్కోనియా. మూడు మోల్ శాతం ఇట్రియా కలిపిన రకం 900 నుంచి 1200 దాకా తట్టుకుంటుంది.

ఈ అంకెలు చూసి జిర్కోనియాకు పైపొర గాయాలతో పనిలేదనుకుంటే పొరపాటే. పగులును ఆపే శక్తి ఫెల్డ్‌స్పార్‌కు 0.8, జిర్కోనియాకు 5 మెగాపాస్కల్ రూట్ మీటర్ అనుకుని గ్రిఫిత్ సూత్రంతో లెక్క వేద్దాం. ఫెల్డ్‌స్పార్‌ను 100 మెగాపాస్కల్స్ దగ్గర విరగ్గొట్టే లోపం పొడవు సుమారు 40 మైక్రాన్లు. జిర్కోనియాను 1000 దగ్గర విరగ్గొట్టే లోపం 15 మైక్రాన్లే. అంత బలమైన పదార్థం తన పూర్తి బలం చూపాలంటే అంత శుభ్రమైన పైపొర ఉండాలి. ఒక ముతక డైమండ్ బర్ గీసే గీత ఆ 15 మైక్రాన్లను సులువుగా దాటగలదు.

ఏ వైపు పైపొర అన్నది ఇంకో ప్రశ్న. నమిలేటప్పుడు బరువు పైన పడుతుంది. దాంతో క్యాప్ కంటికి కనపడనంతగా వంగి, సిమెంట్ అంటుకున్న లోపలి వైపు లాగుడుకు గురవుతుంది. నోట్లో విరిగిన క్యాప్‌ల ముక్కలను సూక్ష్మదర్శిని కింద చదివిన జె. రాబర్ట్ కెల్లీ బృందం 1990లో చూపించింది కూడా ఇదే. చాలా పగుళ్లు లోపలి వైపు నుంచే బయల్దేరాయి. మనం ఇసుక కొట్టేదీ, యాసిడ్ పూసేదీ సరిగ్గా అదే వైపు.

దీనికి తోడు లాలాజలం. ఒత్తిడిలో ఉన్న పగులు కొస దగ్గరికి నీటి అణువు చేరితే సిలికాన్, ఆక్సిజన్ బంధాన్ని తెంచడం తేలికవుతుంది. పగులు రోజుకింత పాకుతుంది. 'కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు' అంటాం. నోట్లో మాత్రం గుదియ ఒక్క పెట్టుతో పని ముగించదు. ఏటా లక్షల సార్లు, తడిలో, చిన్నచిన్నగా కొడుతుంది. అందుకే ఒక చికిత్స మంచిదా చెడ్డదా అని తేల్చడానికి మూడు ప్రశ్నలు వేయాలి. అది పగులును పెంచిందా? పైపొరలో నొక్కుడును మిగిల్చిందా, లాగుడునా? తడిలో, అలసటలో ఆ ఫలితం నిలిచిందా?

కాల్చడం: స్ఫటికాలు పుట్టే చోటు

కాల్పు ఒక గాజును ఎంతగా మార్చగలదో 1953 ప్రాంతంలో అమెరికాలోని కార్నింగ్ పరిశోధనశాలలో ఒక ప్రమాదం బయటపెట్టింది. డొనాల్డ్ స్టూకీ లిథియం సిలికేట్ గాజు ముక్కను 600 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడి చేయబోయాడు. కొలిమి అదుపు తప్పి 900కు చేరింది. గాజు కరిగి పారిపోయి ఉంటుందనుకుని తలుపు తీస్తే ముక్క ఆకారం చెడలేదు, పాల తెలుపుకు తిరిగి ఉంది. పట్టకారుతో తీస్తుంటే జారి నేల మీద పడింది. పగల్లేదు, లోహంలా ఖణేల్‌మంది. గ్లాస్ సిరామిక్ అనే జాతి అలా పుట్టింది. ఇవాళ మనం వాడే లిథియం డైసిలికేట్ క్యాప్ దాని వారసురాలే.

ల్యాబ్‌లో ఈ మార్పును కళ్లారా చూడవచ్చు. మిల్లింగ్ యంత్రం నుంచి వచ్చిన క్యాప్ ఊదా కలిసిన నీలంగా ఉంటుంది. అప్పుడు దానిలో ఉన్నవి లిథియం మెటాసిలికేట్ స్ఫటికాలు, బలం 130 మెగాపాస్కల్స్ దగ్గర. ఆ దశలో బ్లాకు సులువుగా కోతపడుతుంది. దాన్ని చిన్న కొలిమిలో నిలబెట్టి 840, 850 డిగ్రీలకు తీసుకెళ్తారు. అరగంట అటూ ఇటూగా తలుపు తెరుచుకునే సరికి నీలం మాయమై పంటి రంగు వచ్చి ఉంటుంది. లోపల ఒకదానిలో ఒకటి అల్లుకున్న డైసిలికేట్ స్ఫటికాలు, ఒక్కోటి ఒకటిన్నర మైక్రాన్ పొడవున, ఘనపరిమాణంలో సుమారు 70 శాతం నిండి ఉంటాయి. బలం 360 దాకా పెరుగుతుంది. పాకే పగులు ఆ అల్లికను తప్పించుకుంటూ వంకరటింకరగా పోవాలి, దారి పొడవునా శక్తి ఖర్చవుతుంది.

ఈ కాల్పు ఇంకో మేలు కూడా చేస్తుంది. ఆ వేడిలో మిగిలిన గాజు కాస్త మెత్తబడి, మిల్లింగ్ బర్ చేసిన సన్న గాట్లను కొంతవరకు పూడుస్తుంది. అందుకే సరిచేయాల్సినవి నీలం దశలోనే సరిచేయడం తెలివైన పని. కాల్పు తర్వాత పడిన గీతను మాన్పే కాల్పు మళ్లీ ఉండకపోవచ్చు.

జిర్కోనియా కథ వేరు. మామూలు వేడిలో జిర్కోనియా మోనోక్లినిక్ రూపంలో ఉంటుంది, 1170 డిగ్రీలు దాటితే టెట్రాగోనల్‌గా మారుతుంది. ఇట్రియా కలిపితే ఆ టెట్రాగోనల్ రూపం చల్లారాక కూడా నిలబడుతుంది. పగులు కొస దాని దగ్గరికి వచ్చినప్పుడు అక్కడి రేణువులు మోనోక్లినిక్‌గా మారి 4, 5 శాతం ఉబ్బుతాయి. ఆ ఉబ్బు పగులు నోటిని నొక్కి మూస్తుంది. 1975లో గార్వీ, హానింక్, పాస్కో నేచర్ పత్రికలో దీన్ని వివరిస్తూ ఉక్కుతో పోల్చారు.

ఈ శక్తి చేతికి రావాలంటే సుద్దముక్కలా ఉన్న బ్లాకును 20, 25 శాతం పెద్దదిగా చెక్కి, 1450 నుంచి 1550 డిగ్రీల మధ్య గంటల తరబడి కాల్చాలి. అది ముడుచుకుని గట్టిపడుతుంది, దీన్నే సింటరింగ్ అంటారు. వేడి చాలకపోతే రంధ్రాలు మిగులుతాయి. 1600 దాటితే రేణువులు పెరిగి బలం తగ్గుతుంది. పెరిగిన రేణువులకు ఇంకో జబ్బు కూడా తేలికగా అంటుతుంది. తడిలో, తక్కువ వేడిలోనే, పగులేమీ లేకుండా పైపొర దానంతట అదే మోనోక్లినిక్‌గా మారుతూ పోతుంది. దీన్ని తక్కువ ఉష్ణోగ్రత క్షీణత అంటారు. కొబయాషి బృందం 1981లోనే దీన్ని నమోదు చేసింది.

ఈ హెచ్చరిక విలువ కీళ్ల శస్త్రచికిత్స రంగానికి బాధతో తెలిసింది. యూరప్‌లో తయారైన జిర్కోనియా తుంటి కీలు బంతుల్లో కొన్ని బ్యాచ్‌లు 2001లో రోగుల శరీరాల్లోనే విరగసాగాయి. విరిగినవి కొన్ని వందలు. పదార్థం మారలేదు, ఆకారం మారలేదు. మారింది కొలిమి. విడతలవారీగా కాల్చే కొలిమి స్థానంలో నిరంతరం నడిచే సొరంగం కొలిమి వచ్చింది. కాల్పు పద్ధతిలో చిన్న తేడా మన్నికను కూల్చగలదని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. గంటల కాల్పును నిమిషాలకు కుదించే వేగపు సింటరింగ్ పద్ధతులను ఈ జ్ఞాపకంతోనే తూచాలి. ప్రయోగాల్లో చాలావాటి తొలి బలం బాగానే ఉంది. ఏళ్ల తరబడి నోట్లో ఉన్న క్యాప్‌ల లెక్కలు ఇంకా పోగవుతున్నాయి.

చల్లార్చడం: ఒకరికి మందు, ఒకరికి విషం

కాల్పుకు ఇచ్చే శ్రద్ధ చల్లార్పుకు ఇవ్వం. అచ్చంగా గాజు స్వభావమున్న పింగాణీని గాలి తగిలేలా చప్పున చల్లారిస్తే పైపొర ముందు గట్టిపడుతుంది. తర్వాత లోపలి భాగం ముడుచుకుంటూ పైపొరను నొక్కి పట్టుకుంటుంది. నొక్కుడులో ఉన్న పైపొరలో పగులు నోరు తెరవలేదు. కారు కిటికీ అద్దానికి వాడే పద్ధతి ఇదే. పంటి పింగాణీలో దీన్ని అనుసవిస్ బృందం ప్రయోగాలతో నిరూపించింది.

జిర్కోనియా చట్రం మీద పింగాణీ పూత వేసిన క్యాప్‌కు అదే చల్లార్పు హాని చేసింది. జిర్కోనియా వేడిని అతి నెమ్మదిగా వదులుతుంది. బయట పూత చల్లారిపోయినా లోపల చట్రం దగ్గర వేడి నిలిచి ఉంటుంది. ఆ తేడా పూత మందంలో లాగుడు ఒత్తిళ్లను బిగించి వదిలేస్తుంది. జ్యూరిక్‌లో జరిగి 2007లో వెలువడిన 5 ఏళ్ల అధ్యయనంలో వెనక పళ్ల జిర్కోనియా బ్రిడ్జిల చట్రాలు దాదాపు అన్నీ నిలిచాయి, పూత మాత్రం 15.2 శాతం బ్రిడ్జిల్లో చిట్లింది. 2009లో స్వెయిన్ దీనికి మూడు కారణాలను ఒక్కచోట చేర్చాడు: మందపాటి పూత, వేగపు చల్లార్పు, రెండు పదార్థాలు వేడికి వ్యాకోచించే తీరులో తేడా. ఆ తర్వాత నెమ్మదిగా చల్లార్చడం ల్యాబ్‌ల సూచనల్లోకి వచ్చింది. పూత అవసరమే లేని ఏకశిలా జిర్కోనియా వైపు రంగం మొగ్గడానికి కూడా ఈ చిట్లడమే ముఖ్య కారణం.

ఇసుక దెబ్బ: రెండు నిజాలు

ఈ రంగంలో ఎక్కువ వాదన నడిచింది శాండ్‌బ్లాస్టింగ్ మీద. 50 మైక్రాన్ల అల్యూమినా పొడిని గాలి ఒత్తిడితో క్యాప్ లోపలికి కొడతారు. సన్నని బుస్సుమనే చప్పుడు, కొన్ని సెకన్లలో మెరుపు పోయి మసక. సిమెంట్‌కు పట్టు దొరుకుతుంది.

బలం మాటేమిటి? స్లొవేనియాకు చెందిన కొస్మాచ్ బృందం 1999లో జిర్కోనియాను పరీక్షించి శాండ్‌బ్లాస్టింగ్ బలాన్ని పెంచిందని, ముతక బర్‌తో రాపిడి తగ్గించిందని చెప్పింది. 2004లో జాంగ్, లాన్, రెకో, థాంప్సన్ శాండ్‌బ్లాస్టింగ్ చేసిన అల్యూమినా, జిర్కోనియాల దీర్ఘకాల బలం సుమారు 20 నుంచి 30 శాతం తగ్గిందని చెప్పారు. ఒకరిది తప్పు, ఒకరిది ఒప్పు అని తీర్పు చెప్పడానికి లేదు. రెండూ నిజాలే, అడిగిన ప్రశ్నలు వేరు.

దెబ్బ తగిలిన చోట జిర్కోనియా రేణువులు మోనోక్లినిక్‌గా ఉబ్బి కొన్ని మైక్రాన్ల మందాన నొక్కుడు పొరను సృష్టిస్తాయి. అదే దెబ్బ సన్నని పగుళ్లను కూడా దించుతుంది. పగులు కొస నొక్కుడు పొర లోపలే ఆగితే ఒక్కసారి విరిచే పరీక్షలో బలం పెరిగినట్టు కనిపిస్తుంది. పగులు ఆ పొరను దాటిపోయినా, తడిలో లక్షల సార్లు నొక్కినా ఆ రక్షణ అరిగిపోతుంది. ఏది గెలుస్తుందన్నది తేల్చేవి పొడి పరిమాణం, గాలి ఒత్తిడి, దూరం, సమయం. 50 మైక్రాన్లు, 1 నుంచి 2.5 బార్ల లోపు అన్న మితమైన సూచన జర్మనీలో మథియాస్ కెర్న్ లాంటి వారి పనితో బలపడింది. ఆ పనిలోనే, ఎండీపీ అనే ఫాస్ఫేట్ మోనోమర్ ఉన్న ప్రైమర్ తోడైతే జిర్కోనియా బంధం ఏళ్ల తరబడి నిలుస్తుందని తేలింది.

ఇప్పుడు ముందు పళ్లకు వాడే పారదర్శక జిర్కోనియాకు ఇదే సూత్రం అతికించకూడదు. అందులో ఇట్రియా 5 మోల్ శాతం, దాదాపు సగం రేణువులు క్యూబిక్ రూపంలో ఉంటాయి. అవి మారవు, ఉబ్బవు. తడిలో క్షీణించని మేలు దక్కుతుంది కానీ పగులును మూసే నొక్కుడు పొర కూడా దక్కదు. కాబట్టి గట్టిగా కొట్టిన ఇసుక అక్కడ గాయాన్ని మాత్రమే మిగులుస్తుంది. వారంటీ కార్డు మీద రెండింటి పేరూ 'జిర్కోనియా' అనే ఉంటుంది.

రాపిడి తర్వాత 900, 1000 డిగ్రీల దగ్గర మళ్లీ కాలిస్తే సరిపోతుందన్న నమ్మకం ఒకటుంది. ఆ వేడి మోనోక్లినిక్‌ను తిరిగి టెట్రాగోనల్ చేస్తుంది, దానితోపాటు నొక్కుడు పొరను కూడా చెరిపేస్తుంది. పగుళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. కాబట్టి వరుస ముఖ్యం. చెక్కుడు సింటరింగ్‌కు ముందు, ఇసుక అన్ని కాల్పులూ అయ్యాక.

యాసిడ్, పూత, నునుపు

గాజు ఉన్న పింగాణీలకు ఇసుక అక్కర్లేదు, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ చాలు. అది గాజును కరిగించి స్ఫటికాలను పైకి తేలుస్తుంది, ఆ సందుల్లోకి సైలేన్, రెసిన్ సిమెంట్ దిగుతాయి. లిథియం డైసిలికేట్‌కు 5 శాతం ద్రావణంతో 20 సెకన్లు, ల్యూసైట్ స్ఫటికాలున్న రకానికి 60 సెకన్లు అన్నవి స్థిరపడిన కొలతలు. ఎక్కువసేపు ఉంచితే పట్టు పెరగదు, గుంటలు లోతవుతాయి. ఈ యాసిడ్ చర్మం లోపలి దాకా కాలుస్తుంది కాబట్టి గ్లోవ్స్, దగ్గర్లో కాల్షియం గ్లూకోనేట్ జెల్ తప్పనిసరి. గాజు లేని జిర్కోనియా మీద ఇది పనిచేయదు.

యాసిడ్ చేసిన గుంటలు బలాన్ని తగ్గించాలి కదా? ఒంటరి ముక్కను విరిచి చూస్తే చాలాసార్లు తగ్గుతుంది. రెసిన్ సిమెంట్ ఆ గుంటల్లో నిండి గట్టిపడ్డాక లెక్క మారుతుంది. అది పగులు నోటిని పట్టి ఉంచుతుంది, నీటిని దూరం పెడుతుంది, బరువును కిందున్న పంటికి అందిస్తుంది. అతికించని పింగాణీ మీద చేసిన ప్రయోగాన్ని అతికించిన క్యాప్‌కు నేరుగా అన్వయించకూడదని ఇది నేర్పుతుంది. ఈ మేలు బలహీనమైన గాజు పింగాణీలకే ఎక్కువ.

బయటి వైపు విషయంలో గ్లేజ్ గొప్పదన్న అభిప్రాయం పాతది. గ్లేజ్ సన్న రంధ్రాలను మూస్తుంది, పింగాణీ కంటే తక్కువ వ్యాకోచించే రకమైతే పైపొరలో కాస్త నొక్కుడును కూడా ఇస్తుంది. కానీ నమిలే చోట అది త్వరగా అరిగిపోతుంది. దాని కింద గరుకు మిగిలి ఉంటే ఎదుటి పంటి ఎనామెల్‌కు ఆకురాయి అవుతుంది. బాగా పాలిష్ చేసిన జిర్కోనియా ఎనామెల్‌ను తక్కువగా అరగదీస్తుందని చాలా ప్రయోగాలు చెబుతున్నాయి. పాలిష్ మీద గ్లేజ్ వేయొచ్చు. పాలిష్‌కు బదులుగా గ్లేజ్ మాత్రం వద్దు.

పొటాషియం లవణం పూసి వేడి చేసి, పైపొరలోని సోడియం అయాన్ల స్థానంలో వాటికంటే పెద్దవైన పొటాషియం అయాన్లను ఇరికించే పద్ధతి కూడా ఉంది. సెల్‌ఫోన్ అద్దాన్ని గట్టిపరిచేది ఇదే. బలం పెరుగుతుంది కానీ ఆ పొర పలచన, ఒక్కసారి బర్ తగిలితే పోతుంది. అందుకే ల్యాబ్‌ల నిత్య వాడకంలో నిలవలేదు.

పళ్లు పుచ్చకుండా పూసే 1.23 శాతం ఆమ్ల ఫ్లోరైడ్ జెల్ కూడా గ్లేజ్‌ను తినేస్తుంది. పింగాణీ ఉన్న నోటికి తటస్థ సోడియం ఫ్లోరైడ్ వాడాలి. క్యాప్ పెట్టాక కూడా ఉపరితల చికిత్స ముగియదని దీని అర్థం.

తేలినవి, తేలాల్సినవి

ఇంత పరిశోధనలో కనిపించే అయోమయంలో ఎక్కువ భాగం కొలతల తేడా నుంచి పుట్టింది. ఐఎస్ఓ 6872 ప్రమాణం ముక్కను ఒక్కసారి విరిచి బలం చెబుతుంది. జిర్కోనియా క్షీణతను కొలిచేందుకు 134 డిగ్రీల ఆవిరిలో ఉంచిన ఒక గంట, శరీర వేడిలో 3, 4 ఏళ్లకు సమానమన్న లెక్క తుంటి కీళ్ల కోసం వేసింది. నోట్లో దానికి తోడు నమలడం, పులుపు, వేడి చల్లని మార్పులు ఉంటాయి. తడిలో అలసట పరీక్ష, అతికించిన నమూనా, విరిగిన ముక్క మీద పగులు మూలం వెతకడం, ఈ మూడూ ఉన్న అధ్యయనానికి ఎక్కువ బరువు ఇవ్వాలి.

అలా తూస్తే కొన్ని తేలిపోయాయి. సింటరింగ్ వేడి హద్దు దాటకూడదు. పూత వేసిన జిర్కోనియాను నెమ్మదిగా చల్లార్చాలి. ముతక బర్ గీతను పాలిష్ చేయకుండా వదలకూడదు. ఇసుక మితంగా కొట్టాలి, ప్రైమర్ తప్పదు. యాసిడ్ సమయం పదార్థాన్ని బట్టి ఉండాలి. వేగపు కాల్పు, పారదర్శక జిర్కోనియాకు సురక్షితమైన ఇసుక ఒత్తిడి, మిల్లింగ్ గాయాలకు మాన్పు కాల్పు ఎంత పనికొస్తుందన్నవి ఇంకా తేలాలి.

మన ఊళ్లలో క్లినిక్ ఒకచోట, మిల్లింగ్ సెంటర్ ఇంకోచోట ఉంటాయి. కొలత కొరియర్‌లో వెళ్తుంది, క్యాప్ కొరియర్‌లో వస్తుంది. మధ్యలో మూడు నాలుగు చేతులు మారుతుంది. ఎవరు ఏం చేశారో తర్వాతి వారికి తెలియదు. కాల్చినవారికి ఇసుక కొట్టేవారి ఒత్తిడి తెలియదు, అతికించేవారికి అది 3 మోల్ శాతం రకమో 5 శాతం రకమో తెలియదు. అందుకే నేను కోరేది ఖర్చులేని ఒక అలవాటు. క్యాప్‌తో పాటు ఒక తయారీ చీటీ నడవాలి. పదార్థం రకం, కాల్పు వేడి, సమయం, చల్లార్పు, ఇసుక ఒత్తిడి, చివరి పాలిష్ ఎవరు చేశారు, అన్నీ కలిపి ఆరు గళ్లు. క్యాప్ విరిగిన రోజున ఆ చీటీ ఉంటే పగులు ఎక్కడ మొదలైందో వెతకగలం, తర్వాతి క్యాప్‌ను సరిగ్గా చేయగలం. వారంటీ కార్డు కొత్త క్యాప్ ఇస్తుంది. దానికీ అదే గతి పట్టకుండా చూడగలిగేది మాత్రం ఈ చీటీయే.